నూనె చెంచా ఆకుకూరలోకి

మీ ఇంట్లో నెలకి ఎంత నూనె అవుతుంది? ఈ ప్రశ్నకి చాలామంది ఠక్కున జవాబు చెబుతారు. ప్యాకెట్ల లెక్క కాబట్టి గుర్తుంటుంది. ఇప్పుడు ఇంకో ప్రశ్న. అందులో ఆకుకూరలకీ కూరగాయలకీ వెళ్లేది ఎంత? బజ్జీలకీ పూరీలకీ అప్పడాలకీ మూకుట్లో పోసేది ఎంత? ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఈ అధ్యాయమంతా ఈ రెండో ప్రశ్న గురించే.

డాక్టరుగారు "నూనె తగ్గించండి" అన్నాక ఇళ్లలో ఏం జరుగుతుందో గమనించండి. ముందుగా తోటకూర తాలింపు తగ్గుతుంది. పప్పన్నంలో నెయ్యి మానేస్తారు. బీరకాయ కూర నీళ్లలోనే ఉడికిపోతుంది. సాయంత్రం పకోడీకి మాత్రం ఏ లోటూ రాదు. వాన పడుతుంది, పిల్లలు అడుగుతారు, చుట్టాలొస్తారు. నూనెతో నిజంగా పనిబడే చోట తీసేసి, పనిలేని చోట ఉంచేశాం. ఆ ఇంట్లో నూనె తగ్గిందంటారా?

ఆకుకూరల్లో, గుమ్మడిపండులో, బొప్పాయిలో, మామిడిపండులో బీటా కెరోటిన్ ఉంటుంది. మన ఒంట్లో అది ఎ విటమిన్‌గా మారుతుంది. చూపుకి, చర్మానికి, జబ్బుల్ని తట్టుకునే శక్తికి అది కావాలి. బీటా కెరోటిన్ కొవ్వులో కరుగుతుంది, నీటిలో కరగదు. బొత్తిగా కొవ్వు లేని భోజనంలో మీరు ఎంత మునగాకు తిన్నా అందులోని కెరోటిన్‌లో చాలా భాగం ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. మన దేశంలో పిల్లలకి ఎ విటమిన్ లోపం వల్ల వచ్చే అంధత్వాన్ని ఆపడానికి 1970లో జాతీయ కార్యక్రమమే మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇన్ని రకాల ఆకుకూరలు పండే దేశంలో ఆ అవసరం ఎందుకొచ్చిందో కాస్త ఆలోచించండి.

పశ్చిమ ఆఫ్రికా వంటిళ్లు ఈ విషయంలో మనకి చాలా నేర్పుతాయి. ఘనాలో కొంటోమిరే అని ఒక కూర చేస్తారు. అందులో పడేది చేమ జాతి ఆకు. ఉల్లిపాయ, టమాటా, మిరపకాయతో ఆ ఆకును ఎర్రటి పామాయిలులో మగ్గించి, ఎగుసి అనే పుచ్చ జాతి గింజల ముద్ద కలుపుతారు. అక్కడే రెడ్ రెడ్ అనే వంటకం ఉంది. బొబ్బర్లను ఉడికించి అదే ఎర్ర నూనెలో టమాటాతో మగ్గించి, వేయించిన అరటిపండు ముక్కలతో తింటారు. వేరుశనగ ముద్దతో చిక్కటి పులుసులు కాస్తారు. ఆకు, పప్పు, గింజ, నూనె అన్నీ ఒకే కుండలో కలుస్తాయి. నూనె ఆ కుండలో రుచితో పాటు బలాన్నీ మోసుకొస్తుంది.

ఇందులో మనకి దొరకనిది ఏముంది? బొబ్బర్ల పుట్టిల్లే ఆఫ్రికా. ఆయిల్ పామ్ చెట్టూ అక్కడిదే. చింతచెట్టు సొంత ఊరూ ఆ ఖండమే. వేరుశనగ, మిరప అమెరికా ఖండాల నుంచి వాళ్ల దగ్గరికీ మన దగ్గరికీ వచ్చాయి. బెండకాయ, చేమదుంప, కూర అరటి రెండు చోట్లా రోజువారీ వంటే. మన విజయవాడ గుణదల సెంటర్లో తోపుడు బండి దగ్గర నిలబడితే ఘనా గృహిణికి కావాల్సిన సరుకుల్లో చాలా భాగం మీ సంచిలో పడుతుంది. పటమట రైతుబజారుకి వెళ్తే ఇక చెప్పేదే లేదు.

మరి మొదలుపెడదామా?

1. నెల నూనెను ముందే కొలిచి పెట్టుకోండి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజువారీ పళ్లెం ఎలా ఉండాలో చెప్పింది. తృణధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు 85, గింజలు 35, నూనెలూ నెయ్యీ కలిపి 27 గ్రాములు.

ఈ 27 గ్రాముల్ని మీ ఇంటి లెక్కలోకి మార్చుకుందాం. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకి 3,240 గ్రాములు, అంటే నెయ్యితో సహా సుమారు మూడున్నర లీటర్లు. ఇప్పుడు మీ కిరాణా చీటీ చూడండి. ఆరు లీటర్లుందా? ఏడా? కంగారు పడకండి. ఒక్క నెలలో సగానికి దింపితే ఇంట్లో గొడవే మిగులుతుంది. నెలకో అర లీటరు చొప్పున తగ్గించుకుంటూ రండి.

వంట నూనె డబ్బా నుంచి నేరుగా వంపడం ఇవాళే ఆపేయండి. ఒక చిన్న సీసాలో వారానికి సరిపడా పోసుకుని, అందులోంచి చెంచాతో తీసుకోండి. చేతివాటంతో పోసే నూనెకీ చెంచాతో పోసే నూనెకీ ఎంత తేడా ఉందో మొదటి వారంలోనే మీకు తెలిసిపోతుంది.

2. మొదటి చెంచాలు ఆకుకూరకి

ఆకుకూరలోని కెరోటిన్ ఒంటికి పట్టడానికి ఒక భోజనంలో మనిషికి మూడు నుంచి ఐదు గ్రాముల కొవ్వు చాలు. అంటే ఒక టీస్పూను. నలుగురికి చేసే తోటకూర వేపుడులోనో గోంగూర పప్పులోనో నాలుగు టీస్పూన్ల నూనె ఉంటే పని జరిగిపోతుంది. ఇది ఎక్కువేమీ కాదు. ఒక ప్లేటు పునుగులు పీల్చుకునే నూనె ముందు ఇది లెక్కలోకే రాదు.

ఒక సందర్భం ఊహించుకోండి. పడవల రేవు వైపు ఒక ఇల్లు. అత్తగారికి షుగరు, బీపీ. కోడలు మునగాకు పెసరపప్పు వండింది.

"ఇందులో తాలింపు వెయ్యలేదేంటమ్మాయ్?"

"నూనె తగ్గించమన్నారుగా అత్తయ్యా, ఉడకబెట్టి ఉప్పు వేశాను."

"ఇట్టా ముద్ద దిగదే నాకు. పొద్దున పూరీలు మిగిలాయన్నావుగా, అవి తెచ్చిపెట్టు."

కోడలి ప్రేమలో లోటేమీ లేదు. కానీ చూడండి, రెండు చెంచాల తాలింపు మిగిల్చినందుకు మునగాకు పళ్లెంలోనే ఉండిపోయింది, పూరీ కడుపులోకి వెళ్లింది. రుచి లేని ఆకుకూర ఎంత బలమైనదైనా ఎవరికీ పనికిరాదు. ఆవాలు, ఎండుమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు చెంచాల నూనెతో ఆ తాలింపు వేసి ఉంటే? పూరీలు మర్నాడు అసలు చెయ్యకుండా ఉంటే?

నూనె పొయ్యడం ఇష్టం లేకపోతే గింజలతో ఆ పని చేయించండి. బీరకాయలో నువ్వుల పొడి, గోరుచిక్కుడులో వేయించిన వేరుశనగ పొడి, గోంగూర పచ్చడిలో నువ్వులు. పశ్చిమ ఆఫ్రికాలో ఎగుసి చేసే పని మన ఇళ్లలో నువ్వులు చేస్తాయి. కొవ్వుతో పాటు మాంసకృత్తులూ వస్తాయి. పైన చెప్పిన 35 గ్రాముల గింజల లెక్క కూడా ఇలాగే తీరుతుంది.

3. పులుపును చివరలో కలపండి

శాకాహారంలోని ఇనుము మన ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. పక్కన సి విటమిన్ ఉంటే మెరుగ్గా పడుతుంది. తోటకూరో మునగాకో వండాక పొయ్యి మీద నుంచి దించి నిమ్మరసం పిండండి. ఉడుకుతుండగా పిండితే వేడికి సి విటమిన్ చాలావరకు పోతుంది. ఉసిరికాయల కాలంలో పచ్చి ఉసిరి తురిమి పెరుగులో కలిపినా మంచిదే. భోజనం కాగానే టీ తాగే అలవాటుందా? గంట ఆగండి. టీలోని పదార్థాలు ఇనుముకి అడ్డుపడతాయి. ముఖ్యంగా ఇంట్లో రక్తం తక్కువగా ఉన్న ఆడపిల్లలుంటే ఈ ఒక్క మార్పు తప్పకుండా చెయ్యండి.

4. ఏ నూనె?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. "ఒక్క మంచి నూనె పేరు చెప్పండి, అదే వాడతాం" అంటారు. ఒక్క నూనెలో అన్నీ ఉండవు. అందుకే పోషకాహార నిపుణులు నూనెలు మార్చి మార్చి వాడమంటారు. కృష్ణా డెల్టాలో ఉన్నవాళ్లకి ఇది కష్టం కాదు. పచ్చళ్లకీ పొడులకీ పప్పు నూనె, అంటే నువ్వుల నూనె, ఎప్పటి నుంచో ఉన్నదే. కూరలకి వేరుశనగ నూనె. వరి పండే ప్రాంతం కాబట్టి తవుడు నూనె కూడా సులువుగా దొరుకుతుంది. ఒక నెల ఒకటి, మరో నెల ఇంకొకటి తెచ్చుకున్నా చాలు.

ప్యాకెట్ కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. "కొలెస్ట్రాల్ లేదు" అని పెద్ద అక్షరాలతో ఉంటే దానికి ఎక్కువ డబ్బు పెట్టకండి. మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ చెప్పుకోదగ్గంత ఉండదు. ఎఫ్ అక్షరం పక్కన ప్లస్ గుర్తున్న నీలం ముద్ర ఉంటే మాత్రం అది పనికొచ్చే సంగతి. ఆ నూనెలో ఎ, డి విటమిన్లు కలిపారని అర్థం.

ఇక పామాయిలు. దీని గురించి మన ఇళ్లలో చిన్నచూపు ఉంది, భయమూ ఉంది. అందుకని ఇక్కడ కాస్త ఆగుదాం. పశ్చిమ ఆఫ్రికా కుండలో పడే పామాయిలూ మన ప్యాకెట్లో వచ్చే పామాయిలూ ఒకే చెట్టు పండులోంచి వచ్చినా, పోషకాల్లో రెండూ ఒకటి కావు. పండు నుంచి తీసిన నూనె ముదురు నారింజ రంగులో ఉంటుంది. ఆ రంగే కెరోటిన్. ఇ విటమిన్ జాతి పదార్థాలు కూడా అందులో బాగా ఉంటాయి. ఫ్యాక్టరీలో రంగు, వాసన పోగొట్టి శుద్ధి చేసేసరికి కెరోటిన్ దాదాపు మొత్తం పోతుంది. మనం కొనేది అలా తెల్లబడ్డ నూనె.

ఆ చెట్టు ఇప్పుడు మనకి పరాయిది కాదు. దేశంలో ఆయిల్ పామ్ సాగులో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. ఏలూరు దగ్గరి పెదవేగిలో 1995 నుంచి జాతీయ స్థాయి ఆయిల్ పామ్ పరిశోధన కేంద్రం ఉంది. 2021లో కేంద్ర ప్రభుత్వం ఈ పంట కోసమే జాతీయ మిషన్ పెట్టింది. 1990లలో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఎర్ర పామాయిలుతో చిరుతిళ్లు చేసి బడిపిల్లలకి పెట్టి, ఎ విటమిన్ లోపాన్ని తగ్గించడానికి అది పనికొస్తుందని చూపించారు. అయినా ఎర్ర పామాయిలు మన కిరాణా కొట్లలో కనిపించదు. చెట్టు మన పొలంలో, రంగున్న నూనె ఇంకెక్కడో. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

మీకు ఎక్కడైనా తినడానికి తగినదని ముద్ర ఉన్న ఎర్ర పామాయిలు దొరికితే ఒకటి రెండు చెంచాలు బొబ్బర్ల కూరలోనో చేమాకు పులుసులోనో వాడి చూడండి. ఎక్కువసేపు మరిగిస్తే కెరోటిన్ పాడవుతుంది, అందుకని వేపుళ్లకి వద్దు. దాని కొవ్వులో దాదాపు సగం సంతృప్త కొవ్వే అన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. గుండె జబ్బున్న వాళ్లు డాక్టరుని అడక్కుండా మొదలుపెట్టకూడదు. దొరకలేదా? బెంగ అక్కర్లేదు. మునగాకూ గుమ్మడీ బొప్పాయీ ఉన్న ఊళ్లో కెరోటిన్‌కి కరువు లేదు.

5. మూకుట్లో మిగిలిన నూనె

కాచిన నూనెని మళ్లీ మళ్లీ కాచకండి. ప్రతిసారీ అది విరుగుతుంది, ఒంటికి చేటు చేసే పదార్థాలు పుడతాయి. హోటళ్లకైతే 2018 జూలై నుంచి చట్టమే ఉంది. ఆ పదార్థాలు 25 శాతం దాటిన నూనె వాడకూడదు. ఇంట్లో కొలిచే పరికరం ఉండదు కాబట్టి మనకి దారి ఒకటే. వేయించడానికి తక్కువ నూనె పోయండి, చిన్న మూకుడు వాడండి, మిగిలింది వడగట్టి ఒకటి రెండు రోజుల్లో తాలింపులకి వాడేయండి. నల్లబడినా, నురగ కట్టినా, జిగురుగా ఉన్నా పారబోయండి.

ఇంటి మూకుడు సరే, బయటి మూకుళ్ల మాటేమిటి? ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత ఉత్సవాలకి ఊరంతా కదులుతుంది. ఆ మూడు రోజులూ దారి పొడవునా తినుబండారాల దుకాణాలే. పిల్లల్ని తీసుకెళ్లి ఏమీ కొనివ్వకుండా తీసుకురమ్మని నేను చెప్పను. ఇంటి దగ్గరే కడుపు నిండా పెట్టి తీసుకెళ్లండి. అప్పుడు వాళ్లు ఒక బజ్జీతో ఆగుతారు.

6. అరటి, కంద, చేమ

దుంపలంటే వేపుడే అనుకోవడం మనలో చాలామంది చేసే పొరపాటు. లంక భూముల్లో అంత చక్కటి కంద, అరటి పండుతుంటే వాటిని చిప్స్‌గానే తినాలా? కందా బచ్చలీ కలిపి, చింతపండు పులుసు పోసి, ఆవ పెట్టి వండే కూరకి మించిన సమతూకం ఉన్న వంట నాకు కనిపించదు. దుంప కడుపు నింపుతుంది, బచ్చలి కెరోటిన్ ఇస్తుంది, పులుపు దురద పోగొడుతుంది, తాలింపు నూనె బచ్చలిలోని బలాన్ని ఒంటికి చేరుస్తుంది.

కంద తరిగేటప్పుడు చేతులకి నూనె రాసుకోండి. చేమాకు వాడితే చింతపండుతో బాగా ఉడికించండి, పచ్చిగా ఉంటే గొంతు దురద పెడుతుంది. అరటిపువ్వు, అరటిదవ్వ తరిగిన వెంటనే మజ్జిగ కలిపిన నీళ్లలో వేస్తే నల్లబడవు. కూరగాయలు మాత్రం కడిగాకే తరగండి, తరిగాక కడిగితే నీటిలో కరిగే విటమిన్లు సింకులోకి పోతాయి. ఉడికించిన నీళ్లు పారబోయకండి, చారులో పోసుకోండి.

షుగరున్నవాళ్లు దుంప తిన్న పూట అన్నం ఆ మేరకు తగ్గించుకోవాలి. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు గోంగూర, పాలకూర ఎంత తినాలో డాక్టరుని అడగాలి. రక్తం పలచబడటానికి మందులు వాడుతున్నవాళ్లు ఆకుకూరల్ని ఒక్కసారిగా పెంచకూడదు, మానెయ్యనూకూడదు. ఆ విషయం కూడా డాక్టరుకి చెప్పి చెయ్యాలి.

7. పండు కొరికి తినండి

ఆసుపత్రికి పరామర్శకి వెళ్తూ యాపిల్స్ కొంటాం, పెరట్లో జామకాయలు రాలిపోతుంటాయి. 100 గ్రాముల జామలో సుమారు 200 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది. ఒక మగవాడికి రోజుకి కావాల్సింది 80. అంటే సగం కాయ చాలు. యాపిల్‌లో అందులో పదో వంతు కూడా ఉండదు. ధర మాత్రం మీకు తెలుసు.

జ్యూస్ చేస్తే పీచు పోతుంది, పంచదార చేరుతుంది. పండు పండుగా తినండి. బొప్పాయి, మామిడి లాంటి కెరోటిన్ పండ్లను భోజనం తర్వాత నాలుగు ముక్కలుగా తింటే భోజనంలోని నూనే వాటికీ పనికొస్తుంది. వేసవిలో తాటిముంజలు, చలికాలంలో తేగలు మరవకండి. తేగల్లో పీచు పుష్కలం. ఆఫ్రికాలోనూ తాటి జాతి చెట్ల మొలకల్ని ఇలాగే తింటారు.

మామిడి కాలంలో కార్బైడ్ భయం అందరికీ ఉంటుంది. కార్బైడ్‌తో మాగబెట్టడం నిషేధం, ఇథిలీన్ వాయువుతో పరిమితికి లోబడి మాగబెట్టొచ్చు. కానీ కంటితో చూసి తేడా పట్టడం కష్టం. నున్న మామిడి మార్కెట్ గుణదలకి దగ్గరే కదా. ముదురు పచ్చికాయలు తెచ్చుకుని వరిగడ్డిలో మాగేసుకోండి. చిన్న రసాలైనా బంగినపల్లైనా ఆ వాసనే వేరు.

8. పిల్లలు ఆకుకూర తినకపోతే?

పశ్చిమ ఆఫ్రికాలో బొబ్బర్లు నానబెట్టి, పొట్టు తీసి, ఉల్లిపాయ, మిరపకాయతో రుబ్బి నూనెలో వేస్తారు. దాన్ని అకారా అంటారు. మన బొబ్బర్ల గారెలే. అదే పిండిని ఆకుల్లో పెట్టి ఆవిరి మీద ఉడికిస్తే మొయిన్ మొయిన్ అంటారు. ఈ రెండోది మనకి బాగా పనికొస్తుంది, ఎందుకంటే మూకుడుతో పని లేదు, ఇడ్లీ పాత్ర చాలు.

ఒక గ్లాసు బొబ్బర్లు ఆరు గంటలు నానబెట్టండి. చేత్తో నలిపి వచ్చినంత పొట్టు తీసెయ్యండి, మొత్తం పోనక్కర్లేదు. రెండు పచ్చిమిర్చి, అంగుళం అల్లం, ఒక ఉల్లిపాయ, తగినంత ఉప్పు వేసి ఇడ్లీ పిండి కన్నా కాస్త గట్టిగా రుబ్బండి. పిడికెడు మునగాకు సన్నగా తరిగి కలపండి. ఒక క్యారెట్ లేదా గుమ్మడి తురుము కూడా వెయ్యొచ్చు. నలుగురికని నాలుగు టీస్పూన్ల పప్పు నూనె పిండిలోనే కలిపెయ్యండి. బాగా గిలకొట్టి గాలి పట్టిస్తే కుడుములు మెత్తగా వస్తాయి. ఇడ్లీ ప్లేట్లలో వేసి పదిహేను నిమిషాలు ఉడికించండి. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు.

గోంగూర పచ్చడితో పెడితే పెద్దవాళ్లకి, టమాటా పచ్చడితో పెడితే పిల్లలకి నచ్చుతుంది. బడికి డబ్బాలో పెట్టినా గట్టిపడవు. మునగాకు కనిపిస్తే పిల్లలు ఏరేస్తారనుకుంటే మొదటి రెండుసార్లు పిండితో పాటే రుబ్బెయ్యండి. మిగిలిన పిండి ఫ్రిజ్‌లో మర్నాటి దాకా ఉంటుంది, ఆ పైన పులిసి వాసన వస్తుంది.